లాగోస్ దాటితే... యొరూబా నేలలో ఎవరూ చెప్పని ఏడు చోట్లు

నైజీరియా అనగానే మనోళ్లకి గుర్తొచ్చేవి మహా అయితే మూడు. లాగోస్ ట్రాఫిక్, రీల్స్‌లో మోగే ఆఫ్రోబీట్స్, ‘మీకు కోట్లు తగిలాయి’ అంటూ వచ్చే ఈమెయిల్స్. కొండ మీద కొన్ని వందల ఏళ్లు కాపురమున్న ఊరు, అడవిలో నూట అరవై కిలోమీటర్లు సాగే కందకం, బలపం రాయితో చెక్కిన వెయ్యి బొమ్మలు కూడా ఆ దేశంలోనే ఉన్నాయంటే నమ్ముతారా?

ఉద్యోగరీత్యా మూడేళ్లుగా లాగోస్‌లో ఉంటున్నా. సెలవు దొరికినప్పుడల్లా ఇక్కడి కొలీగ్ ఒకతన్ని వెంటేసుకుని తిరగడం అలవాటైంది. మొదట్లో అందరిలాగే అబెయొకుటాలోని ఒలుమో రాక్, 2005లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఒషున్-ఒషొగ్బో వనం చూశా. రెండూ బాగుంటాయి, తప్పకుండా వెళ్లండి. కానీ ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా ఆ రెండే తిరిగి తిరిగి వస్తాయి. వాటిని దాటి వెళ్తే కనిపించేవి ఈ ఏడు చోట్లు. ఆరింటికి స్వయంగా వెళ్లొచ్చా. ఒకటి మాత్రం ఇంకా చూడలేదు. ఎందుకో అక్కడికొచ్చాక చెప్తా.

ముందు ఓ చిన్న పరిచయం. యొరూబా వాళ్ల నేల అంటే నైరుతి నైజీరియా. లాగోస్, ఒగున్, ఒయో, ఒషున్, ఒండో, ఎకితి అనే ఆరు రాష్ట్రాలు, పైన క్వారా రాష్ట్రంలో చాలా భాగం. సరిహద్దు దాటి బెనిన్, టోగో దేశాల్లోనూ వీళ్లున్నారు. వీళ్లు వందల ఏళ్ల కిందటే పెద్ద పెద్ద పట్నాలు కట్టుకుని, రాజుల్ని పెట్టుకుని బతికినవాళ్లు. ఆ పట్నాల ఆనవాళ్లే ఇప్పుడు మనం చూడబోయేవాటిలో సగం.

ఇంకో మాట. ప్రతి చోటా గైడ్లు ఓ అదిరిపోయే కథ చెప్తారు. ‘ప్రపంచంలో ఇలాంటివి రెండే’, ‘ఫలానా మహారాణి సమాధి’ లాంటివి. వినండి, బాగుంటాయి. కానీ ఆ కథ దగ్గరే ఆగిపోతే అసలు సంగతి మిస్సవుతాం. చాలాచోట్ల అసలు సంగతే కథకన్నా పెద్దది.

1. ఇదాన్రే: కొండ దిగొచ్చిన ఊరు

ఒండో రాష్ట్ర రాజధాని అకూరె నుంచి గంటలోపే ఇదాన్రే చేరొచ్చు. ఊరు దగ్గర పడుతుంటే రోడ్డుకి ఎదురుగా నల్లటి గ్రానైట్ గుండ్లు లేస్తాయి. మన భువనగిరి కోట గుండు చూశారుగా, అలాంటివి పదుల సంఖ్యలో పక్కపక్కనే నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మధ్యలో పచ్చటి లోయలు, కింద రేకుల ఇళ్లు, చుట్టూ కోకో తోటలు.

పైకెక్కడానికి 660కి పైగా మెట్లున్నాయి. మధ్యమధ్యలో కూర్చోడానికి మంటపాలు కట్టారు. మూడో మంటపం దగ్గరకొచ్చేసరికి నా పని అయిపోయింది. అప్పుడే ఓ పెద్దావిడ నెత్తిన మూటతో మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. ఎగశ్వాస కూడా లేదు.

పైన ఏముంటుందంటే, ఓ ఊరు. ఖాళీ ఊరు. ఇదాన్రే జనం దాదాపు ఎనిమిది వందల ఏళ్లు ఈ కొండ మీదే బతికారని ఇక్కడివాళ్లు చెప్తారు. శత్రువులు ఎక్కలేరు, నీళ్లున్నాయి, సాగు చేసుకోడానికి లోయల్లో నేల ఉంది. ఇంకేం కావాలి? 1920లు, 30ల్లో కొంచెం కొంచెంగా అందరూ కిందకి దిగారు. రోడ్లు, వ్యాపారం, కొత్త బతుకు కిందే ఉన్నాయి మరి.

వెళ్లినవాళ్లు వెళ్లగా మిగిలినవి చూడండి. చెక్కిన స్తంభాలతో ‘ఒవా’ అనే రాజుగారి పాత కోట. బ్రిటిష్ కాలంలో పెట్టిన కోర్టు. 1896లో మిషనరీలు పెట్టిన బడి. కోర్టు గది ఎంత చిన్నదంటే, మన ఊరి పోస్టాఫీసు అంతుంటుంది. అందులో నిలబడి కిటికీలోంచి చూస్తే కింద కొత్త ఊరంతా కనిపిస్తుంది. పైనున్న తాతల ఇల్లు, కిందున్న మనవళ్ల ఇల్లు ఒకే చూపులో. పండగలప్పుడు కిందివాళ్లు ఇప్పటికీ పైకెక్కి మొక్కులు తీర్చుకుంటారు.

గైడ్ చూపించేది అగ్బోగున్ పాదముద్ర. రాతిలో అడుగు ఆకారంలో ఉన్న గుంట. చిన్నపిల్లాడు పెట్టినా, భారీ మనిషి పెట్టినా సరిపోతుందని నమ్మకం. నేనూ పెట్టా. సరిపోయిందనే అనుకుంటున్నా!

గైడ్ చెప్పనిది ఇంకొకటుంది. ఇక్కడి తడి రాళ్ల మీద ఓ చిన్న కప్ప ఉంటుంది. పెరెట్స్ టోడ్ అంటారు. ప్రపంచంలో ఇదాన్రే కొండల్లో తప్ప ఇంకెక్కడా కనిపించలేదు. దీని తోకకప్పలు చెరువులో పెరగవు, బండ మీద జారే పలచటి నీటి పొరలో పెరుగుతాయి. 1963లో దాని వివరాలు మొదటిసారి రాశారు. ఆ తర్వాత సుమారు యాభై ఏళ్లు శాస్త్రవేత్తల కంట పడలేదు. 2010ల్లో మళ్లీ దొరికింది. కాబట్టి తడి బండల మీద నడిచేటప్పుడు కాస్త కిందకి చూసి నడవండి. చిప్స్ ప్యాకెట్లు కూడా అక్కడ పడేయకండి.

2007 నుంచి ఇదాన్రే యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉంది. అసలు జాబితాలోకి ఇంకా రాలేదు.

2. అదో-అవాయె: కొండ మీద చెరువు

ఇబాదాన్ నుంచి ఇసెయిన్ వైపు వెళ్తే వచ్చే చిన్న ఊరు అదో-అవాయె. ఊరి పక్కనే కొండ, మూడొందల యాభైకి పైగా మెట్లు. పైన ‘ఇయాకె’ అనే చెరువు. బోర్డుల నుంచి బ్లాగుల దాకా ఒకటే మాట: ‘ప్రపంచంలో ఇలా వేలాడే సరస్సులు రెండే. ఒకటి అమెరికాలోని కొలరాడోలో, రెండోది ఇక్కడ.’

నిజం చెప్పాలంటే, కొండల మీద సరస్సులు ప్రపంచంలో లెక్కలేనన్ని ఉన్నాయి. ఆ రెండే అన్న లెక్క ఎవరు వేశారో తెలీదు. కానీ ఆ లెక్క లేకపోయినా ఇయాకె తక్కువేం కాదు. కాలు పెడితే మాడిపోయే బండ, ఎక్కడా నీటి చుక్క లేదు. నాలుగడుగులు వేయగానే చెట్ల మధ్య నిశ్శబ్దంగా ఓ చెరువు. ఊరివాళ్లు దీన్ని దేవతగా కొలుస్తారు. అడుగు లేదంటారు. లోతు చూస్తానని దిగే సాహసాలు వద్దు.

దగ్గర్లోనే ఇషాగే అనే నిలువు బండ ఉంది. పెద్ద బండ అంచున చాలా తక్కువ ఆధారంతో నిలబడి, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోతుందన్నట్టు ఉంటుంది. పడదు. ఫొటో దీని దగ్గరే తీసుకోవాలి.

ఈ కొండ మీద కూడా ఒకప్పుడు జనం ఉండేవాళ్లు. పందొమ్మిదో శతాబ్దంలో ఒయో సామ్రాజ్యం కూలాక యొరూబా నేలంతా యుద్ధాలే. ఎత్తు దొరికినవాళ్లు ఎత్తుకెక్కారు. ఒలుమో రాక్ కింద అబెయొకుటా పుట్టిందీ ఆ రోజుల్లోనే. ఆ ఊరి పేరుకి అర్థమే ‘రాయి కింద’ అని. ఇది తెలిసి చూస్తే ఇక్కడి కొండలన్నీ వేరేగా కనిపిస్తాయి. మనకి వ్యూపాయింట్. వాళ్లకి ప్రాణం దక్కించుకునే చోటు.

3. ఎరిన్-ఇజెషా: ఏడంతస్తుల జలపాతం

ఒషున్ రాష్ట్రంలో ఇలేషా దాటాక ఎరిన్-ఇజెషా ఊళ్లో ఒలుమిరిన్ జలపాతం. ఒకదాని మీద ఒకటి ఏడు మెట్లుగా దూకుతుంది. మొదటి అంతస్తు దాకా ఎవరైనా వెళ్లొచ్చు. అక్కడే స్నానాలు, సెల్ఫీలు, స్పీకర్లో పాటలు. రెండో దానికి వెళ్లాలంటే వేర్లు పట్టుకుని ఎక్కాలి. మూడు దాటాక జనం పలచబడతారు. నీటి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. నేను నాలుగు దాకా వెళ్లి వెనక్కొచ్చేశా, వాన మొదలైంది. వానలో ఆ రాళ్లు సబ్బు రాసినట్టుంటాయి.

ఊరివాళ్ల కథ ప్రకారం దీన్ని మొదట చూసింది ఓ ఆడమనిషి. యొరూబా జాతికి మూలపురుషుడనే ఒదుదువా మనవరాలు అకిన్లా. తనవాళ్లతో వలస వస్తూ 1140లో ఇక్కడికి చేరిందని చెప్పుకుంటారు. ఆ సంవత్సరం సంప్రదాయంగా చెప్పుకునేదే అనుకోండి. కానీ ఓ ఊరు తన పుట్టుకని ఓ ఆడపిల్ల పేరుతో గుర్తుపెట్టుకోవడం నాకు నచ్చింది.

ఈ చుట్టుపక్కలే ఇగ్బాజొ, ఇమెసి-ఇలె అనే ఊళ్లున్నాయి. ఆ రెండింటి మధ్య కొండల్లో 1877లో మొదలైన యుద్ధం 1893 దాకా సాగింది. పదహారేళ్లు! ఒకవైపు ఇబాదాన్ సైన్యం, ఇంకోవైపు ఎకితి, ఇజెషా వాళ్లు. 1886లో సంధి కుదిరినా సైన్యాలు పూర్తిగా ఇళ్లకి వెళ్లడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. తుపాకుల మోత కొండల్లో ఎలా వినిపించిందో అదే యుద్ధానికి పేరైంది: కిరిజి. ఆ మాట ఓసారి గట్టిగా పలికి చూడండి.

4. ఇకొగొసి: వేడినీళ్లూ చన్నీళ్లూ ఒకే చోట

ఎరిన్-ఇజెషా చూసినవాళ్లు అదే ట్రిప్‌లో ఎకితి రాష్ట్రంలోని ఇకొగొసి కూడా చూసేయొచ్చు. ఓ కొండవాలు నుంచి గోరువెచ్చటి ఊట వస్తుంది. పక్క నుంచి చల్లటి ఊట వస్తుంది. రెండూ ఓ చోట కలుస్తాయి. కలిసే చోట కాళ్లు పెట్టి నిలబడితే ఓ పాదానికి వేడి, ఓ పాదానికి చలి. అంతే, సింపుల్‌గా ఉంటుంది. కానీ బాగుంటుంది.

కథ మాత్రం మన సీరియళ్లకి పనికొచ్చేదే. ఓ వేటగాడికి ఇద్దరు పెళ్లాలు. ఎప్పుడూ గొడవలే. చివరికి ఇద్దరూ ఊటలైపోయారు. కోపిష్టి ఆవిడ వేడి ఊట, నెమ్మదైన ఆవిడ చల్లటి ఊట. ‘మరి వేటగాడు ఏమయ్యాడు?’ అని గైడ్‌ని అడిగా. పక్కనున్న కొండ చూపించాడు. ‘ఆ ఇద్దరి మధ్యా ఇరుక్కుని అలా ఉండిపోయాడు సర్’ అని నవ్వాడు.

చుట్టూ అడవి దట్టంగా ఉంటుంది. బస చేయడానికి రిసార్ట్ కూడా ఉంది. దగ్గర్లోని ఇపొలె-ఇలొరొలో అరింటా అనే ఇంకో జలపాతం ఉంది, టైముంటే అదీ చూడండి. ఎకితి వెళ్లి ‘ఇయాన్’ తినకుండా రావద్దు. ఉడికించిన యామ్ దుంపని రోట్లో దంచి చేసే ముద్ద. మన రాగి సంగటి తిన్న చేతికి ఇది కొత్తేం కాదు. కూరలో ముంచి మింగేయడమే.

5. ఎసియె: బలపం రాయి మనుషులు

క్వారా రాష్ట్రంలోని ఎసియె ఓ పల్లె. అక్కడున్న చిన్న మ్యూజియం 1945లో మొదలైంది. నైజీరియాలో మొట్టమొదటి మ్యూజియం అదే. లాగోస్‌లో కాదు, అబుజాలో కాదు, ఇక్కడ. ఎందుకంటే ఇక్కడ దొరికినవాటిని మోసుకెళ్లే బదులు, వాటి దగ్గరికే మ్యూజియాన్ని తెచ్చారు.

అవేంటంటే, రాతి మనుషుల బొమ్మలు. వెయ్యి దాకా ఉంటాయి. చిన్నప్పుడు పలక మీద రాసుకున్న బలపం గుర్తుందా? అలాంటి మెత్తటి రాయితో చెక్కినవి. కొన్ని జానెడు కూడా ఉండవు, కొన్ని మీటరు దాటతాయి. పీటల మీద కూర్చున్న ఆడవాళ్లు, కత్తులు పట్టుకున్న మగవాళ్లు, వాయిద్యాలు వాయించేవాళ్లు. జడల అల్లికలు, మెడలో పూసలు, చెంపల మీద గాట్లు. ఏ రెండు ముఖాలూ ఒకేలా లేవు. ఓ గంట చూశాక నాకైతే అది మ్యూజియంలా అనిపించలేదు, ఎవరి పెళ్లికో వచ్చి కూర్చున్న చుట్టాల్లా అనిపించారు.

1933లో బయటి ప్రపంచానికి వీటి సంగతి తెలిసింది. ఊరివాళ్లకి మాత్రం అంతకు చాలా ముందు నుంచే తెలుసు. వనంలో ఉంచి పూజించుకునేవాళ్లు. ఎక్కడి నుంచో వచ్చిన మనుషులు దైవకోపానికి గురై రాళ్లయిపోయారన్నది వాళ్ల కథ. ఇవి చెక్కి చాలా వందల ఏళ్లయింది. కానీ చెక్కిందెవరు? ఇప్పుడున్న ఎసియె జనం తమ పెద్దలు చెక్కారని చెప్పుకోరు. మేం వచ్చేసరికే ఇవి ఇక్కడున్నాయంటారు. మరి ఆ చెక్కినవాళ్లు ఏ ఊరు కట్టుకున్నారు, ఎక్కడికి పోయారు? పరిశోధకులు కూడా తేల్చలేదు.

చాలా బొమ్మలకి తలలు విరిగిపోయి ఉంటాయి. కొన్ని దొంగల పాలయ్యాయి. ఇలాంటి ఊళ్ల నుంచి పోయిన బొమ్మలు తిరిగి రావడం అంత తేలిక కాదు. మేం వెళ్లిన రోజు మ్యూజియంలో మేమిద్దరం తప్ప ఇంకెవరూ లేరు. అక్కడున్న ఉద్యోగి మా కోసం లైట్లు వేసి, గది గదీ తిప్పి, చివర్లో రిజిస్టర్ తెచ్చి సంతకం పెట్టించుకున్నాడు. ‘మీ స్నేహితులకి కూడా చెప్పండి’ అన్నాడు. చెప్తానన్నా. ఇదిగో, చెప్తున్నా.

6. ఇవొ ఎలేరు: నేను చూడని గుహ

ఇందాక చెప్పిన ఆ ఒక్కటీ ఇదే. అకూరెకి దగ్గర్లో ఇసారున్ అనే ఊరి పక్క అడవిలో ఓ బండ కింద ఆశ్రయం. టికెట్ కౌంటర్, దారి చూపే బోర్డు లాంటివేమీ లేవు. స్థానికుల సాయం, అనుమతి లేకుండా వెళ్లే చోటు కాదు. అందుకే వెళ్లలేదు.

అయినా లిస్టులో ఎందుకు పెట్టానంటే, 1965లో థర్స్టన్ షా అనే పురావస్తు శాస్త్రవేత్త బృందం ఇక్కడ తవ్వినప్పుడు ఓ మనిషి అస్థిపంజరం దొరికింది. వయసు సుమారు పదమూడు వేల ఏళ్లు. పశ్చిమ ఆఫ్రికాలో దొరికిన అతి పాత మానవ అవశేషాల్లో ఇదొకటి. 2011లో ఆ పుర్రెని కంప్యూటర్ కొలతలతో మళ్లీ పరిశీలించారు. అప్పుడు తెలిసిందేంటంటే, ఆ మనిషి బతికిన కాలానికి పుర్రె ఆకారం చాలా పాతగా ఉంది. అంటే అంతకు ఎన్నో వేల ఏళ్ల కిందటి మనుషుల పోలికలు అందులో మిగిలి ఉన్నాయి. ఆఫ్రికాలో మన జాతి కథ ఒకే గీతలా సాగలేదనడానికి ఇదో ఆధారం.

మన అందరి పూర్వీకుల కథలో ఓ పేజీ ఈ అడవిలో దొరికింది. అక్కడికి దారి చూపే ఓ చిన్న బోర్డు కూడా లేదు.

7. సుంగ్బొ ఎరెదొ: నిలబడ్డా కనిపించని కోట

అన్నిటికన్నా పెద్దది చివరికి దాచా. లాగోస్ నుంచి వంద కిలోమీటర్ల దూరంలో ఒగున్ రాష్ట్రంలో ఇజెబు-ఒదె పట్నం. దాని చుట్టూ అడవిలో ఓ కందకం, దాని పక్కనే మట్టి కట్ట. మొత్తం పొడవు సుమారు 160 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు కన్నా పొడవు. ఉత్తర దక్షిణాలుగా నలభై, తూర్పు పడమరలుగా ముప్పై అయిదు కిలోమీటర్ల నేలని చుట్టి వస్తుంది. కొన్నిచోట్ల అడుగు నుంచి కట్ట పైదాకా ఇరవై మీటర్లు. ఆరేడంతస్తుల బిల్డింగ్ ఎత్తు. ఇదంతా మనుషులు ఇనుప పనిముట్లతో తవ్వి, చేతులతో మోసిన మట్టి. ప్యాట్రిక్ డార్లింగ్ అనే పురావస్తు శాస్త్రవేత్త దీన్ని కొలిచి, 1999లో ప్రపంచానికి పరిచయం చేశాడు. ఈజిప్టు గ్రేట్ పిరమిడ్‌కి పట్టిన సరుకు కన్నా ఇక్కడ తవ్విన మట్టే ఎక్కువని ఆయన అంచనా.

పేరు వెనక కథ: బిలికిసు సుంగ్బొ అనే ధనవంతురాలు. పిల్లల్లేరు. తన పేరు నిలబడాలని ఇది తవ్వించిందట. బిలికిసు అంటే ఖురాన్ సంప్రదాయంలో షీబా రాణి బిల్కిస్. బైబిల్లో సొలొమోను రాజుని చూడ్డానికి వెళ్లిన ఆవిడే. దగ్గర్లోని ఒకె-ఎరి ఊళ్లో ఆవిడ సమాధి అని చెప్పే చోటికి ముస్లింలు, క్రైస్తవులు, సంప్రదాయ దేవతల్ని కొలిచేవాళ్లు అందరూ వస్తారు.

తేదీలు చూస్తే మాత్రం లెక్క కుదరదు. షీబా రాణి కథ జరిగిందనుకునే కాలం క్రీస్తుకు వెయ్యేళ్ల ముందు. ఈ కందకం వెయ్యేళ్ల కిందటిదని మొదట అనుకున్నారు. తర్వాతి తవ్వకాలు దీన్ని ఇంకా దగ్గరికి, ఆరేడు వందల ఏళ్ల కిందటికి తెచ్చాయి. అంటే షీబా రాణికీ దీనికీ రెండు వేల ఏళ్లకు పైనే తేడా. బయటి నుంచి ఏ మహారాణీ రాలేదు. ఈ అడవిలో బతికిన ఇజెబు జనమే, తమ రాజ్యం కోసం, తమ చేతులతో ఇంత పని చేసుకున్నారు. నాకైతే ఇదే పెద్ద కథ.

నాతో వచ్చిన కొలీగ్‌ది ఇజెబు-ఒదెనే. కందకం వాళ్లింటి నుంచి అరగంట దూరం. ముప్పై ఏళ్లొచ్చినా ఎప్పుడూ చూడలేదు. దారి అడిగితే పెట్రోల్ బంకులో తెలీదన్నారు. చివరికి ఓ పెద్దాయన ముందు నడిచి తీసుకెళ్లాడు. తుప్పలు తోసుకుంటూ దిగాం. ఒక్కసారిగా చల్లగా అయిపోయింది. రెండు పక్కలా నిటారుగా నాచు పట్టిన ఎర్రమట్టి గోడలు, పైన చెట్లు కలిసిపోయి ఆకుపచ్చ కప్పు. ఫోన్లో సిగ్నల్ పోయింది. కొలీగ్ గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘మాకు స్కూల్లో ఈజిప్టు పిరమిడ్లు బొమ్మలేయించారు. దీని గురించి ఒక్క లైను చెప్పలేదు’ అన్నాడు తర్వాత.

ఇంకో అరకిలోమీటరు నడిస్తే గోడ ఆగిపోయింది. కట్ట చదును చేసి కసావా దుంప వేశారు. పక్కన ఎవరో మట్టి తవ్వుకెళ్లిన గుంట. లాగోస్ నుంచి బెనిన్ సిటీ వెళ్లే హైవే కూడా ఈ కందకాన్ని కోసుకునే వెళ్తుంది. దుంప వేసిన రైతుని తప్పు పట్టలేం. ఆయనకది పొలం గట్టు. అది ఏంటో ఆయనకి ఎవరూ చెప్పలేదు. 1995 నుంచి ఎరెదొ యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉంది. ముప్పై ఏళ్లు! జాబితాలో ఎదురుచూసే లోపు కందకం కొంచెం కొంచెంగా పూడిపోతోంది.

రాతి కోట అయితే పడిపోయినా రాళ్లు మిగులుతాయి. మట్టి కోట చదునైతే ఏమీ మిగలదు. అందుకే ఏడింటిలో ఒక్కటే చూడగలిగితే ఏది చూడాలని అడిగితే, ముందు ఇక్కడికే వెళ్లమంటా.

వెళ్లాలనుకుంటే...

టీకా: నైజీరియా వెళ్లాలంటే ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ కార్డు తిరిగి ఇండియాలో దిగేటప్పుడు కూడా అడుగుతారు, పారేయకండి. మలేరియా మందుల గురించి డాక్టర్ని అడగండి.

ఎప్పుడు: కొండలెక్కాలంటే నవంబర్ తర్వాత, వానలు తగ్గాక. అయితే డిసెంబర్, జనవరిల్లో సహారా నుంచి వచ్చే దుమ్ముగాలి వల్ల దూరం సరిగా కనిపించదు. దాన్ని హర్మటన్ అంటారు. జలపాతాలకైతే వానాకాలం చివర్లో, అక్టోబర్ ప్రాంతంలో.

భద్రత: హైవేల మీద కిడ్నాపులు జరుగుతున్న మాట నిజం. రాత్రి ప్రయాణాలు వద్దే వద్దు. బయల్దేరే ముందు ఆ దారి పరిస్థితి స్థానికుల్ని అడిగి కనుక్కోండి. తెలిసిన డ్రైవర్, ఊరి గైడ్ ఉంటే సగం సమస్యలు ఉండవు. లాగోస్ నుంచి ఇబాదాన్‌కి 2021 నుంచి కొత్త రైలు నడుస్తోంది, అది హాయిగా ఉంటుంది.

డబ్బు: పల్లెల్లో కార్డులు పనిచేయకపోవచ్చు. చిల్లర నైరాలు దగ్గర పెట్టుకోండి. ప్రవేశ రుసుముకి రసీదు అడగండి. ఆ డబ్బు చోటు బాగుకి వెళ్లాలంటే లెక్క ఉండాలి కదా.

పలకరింపు: ఇది అన్నిటికన్నా ముఖ్యం. యొరూబా వాళ్లకి పెద్దల గౌరవం మన కన్నా ఓ మెట్టు ఎక్కువే. పెద్దల ముందు మగపిల్లలు సాష్టాంగపడతారు, ఆడపిల్లలు మోకాళ్ల మీద కూర్చుంటారు. మనకి ‘నువ్వు’, ‘మీరు’ ఉన్నట్టే వాళ్ల భాషలోనూ ఉంది. పెద్దవాళ్లకి ముందు ‘ఎ’ పెట్టాలి. పొద్దున ‘ఎ కారొ’, థాంక్స్‌కి ‘ఎ షే’. ఈ రెండు మాటలతో నాకు తెరుచుకున్న గేట్లు ఇన్నీ అన్నీ కాదు. పూజలు జరిగే చోట్ల ఫొటో తీసేముందు అడగండి. వద్దంటే వద్దు.

తిండి: వెజిటేరియన్లు ‘అకారా’ అని అడగండి. నానబెట్టి రుబ్బిన అలసందల పిండిని నూనెలో వేయించి ఇస్తారు. అవును, మన అలసంద వడలే! ఉల్లిపాయ, మిరపకాయతో సహా. నూనెలో మాత్రమే తేడా, అక్కడ పామాయిల్ వాసన వస్తుంది. రోడ్డు పక్కన పొద్దున్నే వేడివేడిగా దొరుకుతాయి. కొనేముందు పిండిలో ఎండు రొయ్యలు కలిపారేమో ఓ మాట అడిగి తీసుకోండి.

ఎరెదొ నుంచి వచ్చిన వారానికి కొలీగ్ వాళ్ల చెల్లెల్నీ, ఆమె క్లాస్‌మేట్స్ తొమ్మిదిమందినీ వ్యాన్‌లో అక్కడికి తీసుకెళ్లాడు. ఆ ఫొటోలు నాకు పంపాడు. కందకం అడుగున వరసగా నిలబడి తలెత్తి పైకి చూస్తున్నారు. లొకేషన్ పిన్ కూడా పెట్టాడు, ఈసారి వెళ్లేవాళ్లు దారి కోసం పెట్రోల్ బంకులో అడగక్కర్లేదు.